మనసుకు కొలబద్ద ఉందా?

పిల్లలూ! మీలో ఎవరైనా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళారా? పత్తి సీజనులో అక్కడ ఒక గంటసేపు నిలబడి చూడండి. కొలతల గురించి మేము తరగతిలో నల్లబల్ల మీద చెప్పేదానికంటే ఎక్కువే తెలుస్తుంది.

రైతు పత్తి తెస్తాడు. కాంటా మీద పెడితే బరువు తెలిసిపోతుంది. ఆ తరవాత ఒక చిన్న మిషన్ వస్తుంది. దాన్ని పత్తిలోకి గుచ్చుతారు. ఒక అంకె కనబడుతుంది. అది తేమ శాతం. ప్రభుత్వ సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం దాటకుండా ఉంటే పూర్తి ధర ఇస్తుంది. 8 నుంచి 12 వరకు ఉంటే ధర తగ్గుతుంది. 12 దాటితే కొనదు. కాబట్టి ఆ అంకె కోసం రైతు ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ఇప్పుడొక ప్రశ్న. ఆ మిషన్ పత్తిలోని నీటిని చూసిందా? లేదు. ఈ రకం మిషన్లు సాధారణంగా కొలిచేది విద్యుత్ నిరోధాన్ని. పత్తి తడిగా ఉంటే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. పొడిగా ఉంటే నిరోధం ఎక్కువ. ఆ నిరోధాన్ని బట్టి తేమ ఇంత ఉండాలి అని మిషన్ లెక్క కడుతుంది. అంటే కొలిచింది ఒకటి, మనకు చెప్పింది మరొకటి. అందుకే పత్తిని గట్టిగా నొక్కి కొలిస్తే ఒక అంకె, వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే ఇంకొక అంకె రావచ్చు. రెండుసార్లూ పత్తి అదే, నీరూ అంతే!

ఈ ప్రశ్న నాకు తోచింది కాదు. నా తరగతిలో చదివిన ఒక కుర్రవాడు అడిగాడు. అతని సంగతి చివర్లో చెబుతాను. అది నేను చేసిన ఒక తప్పు కథ.

ఎరుపును చూసి కారం చెప్పవచ్చా?

అదే మార్కెట్‌లో ఇంకొంచెం ముందుకు వెళితే మిర్చి బస్తాలు ఉంటాయి. వాటిలో మన ప్రాంతపు చపాట మిర్చిని చూడండి. దీన్నే టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, గుండ్రంగా, కళ్ళు చెదిరే ఎరుపుతో ఉంటుంది. కాని కారం తక్కువ. పక్క బస్తాలో తేజ రకం ఉందనుకోండి. అది సన్నగా ఉంటుంది, కారం మాత్రం నషాళానికి అంటుతుంది.

ఊరికి కొత్తగా వచ్చిన వ్యక్తి ఒకరు ‘ఎంత ఎరుపైతే అంత కారం’ అని కొలత పెట్టుకున్నాడనుకుందాం. ఎరుపుకు పది మార్కుల పట్టిక తయారుచేశాడు. ఇవాళ కొలిచినా, రేపు కొలిచినా చపాటకు తొమ్మిదే వస్తుంది. అతను కొలిచినా, అతని తమ్ముడు కొలిచినా తొమ్మిదే. కొలత ఎంత నిలకడగా ఉందో చూడండి! అయినా అది తప్పు కొలత. ఎందుకంటే అది కొలుస్తున్నది కారాన్ని కాదు, రంగును.

ఈ రెండు సంగతులకు శాస్త్రంలో రెండు పేర్లున్నాయి. మళ్ళీ మళ్ళీ కొలిచినా, వేరే వాళ్ళు కొలిచినా ఫలితం నిలకడగా రావడాన్ని ‘విశ్వసనీయత’ అంటారు. ఏది కొలవదలచుకున్నామో సరిగ్గా దానినే కొలవడాన్ని ‘సప్రమాణత’ అంటారు. విశ్వసనీయత లేకుండా సప్రమాణత ఉండదు. కాని విశ్వసనీయత ఉన్నంత మాత్రాన సప్రమాణత ఉన్నట్టు కాదు. ఎప్పుడూ అరకిలో తక్కువ చూపే కాంటా నిలకడ గలదే, కాని న్యాయమైనది కాదు.

ఇక మనసు సంగతి

బరువు, పొడవు, ఉష్ణోగ్రత వంటివి మారే గుణాలు. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా ఉంటాయి. వీటిని చలరాశులు అంటామని మీకు తెలుసు. మనోవిజ్ఞాన శాస్త్రంలోనూ చలరాశులు ఉన్నాయి. జ్ఞాపకశక్తి, భయం, ఆత్మవిశ్వాసం, ప్రజ్ఞ, ఏదైనా సాధించాలనే తపన, ఇవన్నీ మనిషి మనిషికీ మారేవే. కాని వీటిని కాంటా మీద పెట్టలేం. కంటితో చూడలేం. పత్తిలోని తేమను విద్యుత్తు ద్వారా ఊహించినట్టే, మనసులోని గుణాన్ని మనిషి మాట, రాత, పని ద్వారా ఊహించాలి.

కాబట్టి మొదట చేయవలసిన పని, ‘ఈ గుణం అంటే నా ఉద్దేశం ఇది, దీన్ని ఈ విధంగా కొలుస్తాను’ అని స్పష్టంగా రాసుకోవడం. ‘శ్రద్ధ గల విద్యార్థి’ అంటే సరిపోదు. ‘నలభై నిమిషాల తరగతిలో ఎన్ని నిమిషాలు పాఠం మీద దృష్టి ఉంది’ అంటే కొలవవచ్చు. అయితే ఇలా కొలవడానికి వీలుగా కుదించినప్పుడు అసలు గుణంలో కొంత జారిపోయే ప్రమాదం ఉంది. కిటికీ వైపు చూస్తున్న పిల్ల పాఠం గురించే ఆలోచిస్తూ ఉండవచ్చు కదా!

ఇది ఎంత చిక్కు పనో చెప్పడానికి మన తెలుగు నేల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఉంది.

కాకినాడ ప్రయోగం

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఉండేవారు. కొందరికి ‘నిన్నటికంటే ఇవాళ మేలుగా చేయాలి’ అనే తపన ఎక్కువగా ఉంటుందని, అటువంటివారు ఎక్కువగా ఉన్నచోట వ్యాపారాలు, పరిశ్రమలు వృద్ధి చెందుతాయని ఆయన వాదించారు. ఆ తపనకు మన పాఠ్యపుస్తకాల్లో ‘సాధన ప్రేరణ’ అని పేరు. 1961లో ఆయన ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే పుస్తకం రాశారు.

మరి ఆ ప్రేరణను శిక్షణతో పెంచవచ్చా? దీన్ని పరీక్షించడానికి ఆయన, డేవిడ్ వింటర్, ఇతర మిత్రులు ఎంచుకున్న చోట్లలో ముఖ్యమైనది సముద్రతీరాన ఉన్న మన కాకినాడ. 1964లో మొదలుపెట్టి కాకినాడలోని చిన్న వ్యాపారులను, చిన్న పరిశ్రమల యజమానులను బృందాలుగా హైదరాబాదుకు పిలిపించారు. అక్కడి చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వాళ్ళకు సుమారు పది రోజుల శిక్షణ ఇచ్చారు. ‘సియెట్’ అని పేరు పొందిన ఆ సంస్థ ఇప్పటికీ యూసుఫ్‌గూడలో ఉంది, పేరు మాత్రం మారింది. తమిళనాడులోని వేలూరు వ్యాపారులకు కూడా ఇటువంటి శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి శిక్షణ ఇవ్వని ఊరు ఒకటి కావాలి కదా! దానికి రాజమండ్రిని తీసుకున్నారు. ఇలా పోలిక కోసం పెట్టుకునే వాళ్ళను ‘నియంత్రిత సమూహం’ అంటారు.

సరే, ప్రేరణను కొలిచేదెలా? ‘మీకు సాధించాలనే తపన ఉందా?’ అని అడిగితే ఎవరు లేదంటారు? పరీక్షల ముందు ‘బాగా చదువుతున్నావా?’ అని మామయ్య అడిగితే మీరు ఏం చెబుతారో గుర్తు తెచ్చుకోండి. అడిగిన వారిని మెప్పించే జవాబు నోటికి తానుగా వచ్చేస్తుంది.

కథ చెప్పు, మనసు చెబుతాను

అందుకు మెక్‌క్లెలాండ్ వేరొక ఉపాయం వాడారు. 1935లో హార్వర్డ్‌లోనే క్రిస్టియానా మోర్గన్, హెన్రీ ముర్రే అనే ఇద్దరు బొమ్మలు చూపి కథలు చెప్పించే పరీక్ష ఒకటి తయారుచేశారు. దాన్ని టి.ఎ.టి. అని పిలుస్తారు. ఆ పద్ధతినే మెక్‌క్లెలాండ్ బృందం ప్రేరణను కొలవడానికి మలచుకుంది. 1953లో దాని మీద ఒక పుస్తకం కూడా వచ్చింది.

పద్ధతి ఇది. ఒక బొమ్మను కొద్ది సెకండ్లు చూపిస్తారు. ఉదాహరణకు, ఒక పిల్లవాడు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగైదు నిమిషాల్లో కథ రాయాలి. ఇక్కడ ఏం జరుగుతోంది? అంతకుముందు ఏం జరిగింది? ఆ పిల్లవాడు ఏమనుకుంటున్నాడు? తరవాత ఏమవుతుంది?

ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘వాడు నిన్న లెక్క తప్పు చేశాడు. ఇంకొక దారిలో చేసి చూడాలని ఆలోచిస్తున్నాడు. చివరికి సార్ చెప్పినదానికంటే చిన్న పద్ధతి కనిపెడతాడు.’ మరొకరు ఇలా రాశారు: ‘వాడికి ఆకలిగా ఉంది. గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నాడు. ఇంటికి వెళ్ళి అమ్మ చేసిన సర్వపిండి తింటాడు.’ మొదటి కథలో మేలుగా చేయాలనే ఆలోచన ఉంది. దానికి మార్కు పడుతుంది. రెండవ కథకు పడదు. రెండవ కథ చెడ్డదని కాదు సుమా! ఆ గుణం అందులో కనబడలేదని మాత్రమే అర్థం.

ఇప్పుడు మనం నేర్చుకున్న రెండు ప్రశ్నలూ ఈ కొలతను అడుగుదాం.

మొదటి ప్రశ్న: నిలకడ ఉందా?

ఒకే కథను ఇద్దరు దిద్దితే ఒకే మార్కు వస్తుందా? దీనికోసం దిద్దేవాళ్ళకు గట్టి శిక్షణ ఇస్తారు. నిపుణులు ముందే దిద్దిన కథలను వీళ్ళ చేత దిద్దించి, సాధారణంగా నూటికి 85కు పైగా ఏకీభావం వచ్చాకనే అసలు పనికి అనుమతిస్తారు.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంది, జాగ్రత్త. ఇరవై కథలున్నాయి. నిజంగా ఆ గుణం ఉన్నవి రెండే. దిద్దేవారిలో ఒకరు చదివి దిద్దారు. ఇంకొకరు నిద్రపోయి అన్నిటికీ ‘లేదు’ అని రాశారు. అయినా ఇద్దరికీ పద్దెనిమిది కథల్లో ఏకీభావం! అంటే నూటికి తొంభై. నిద్రపోయినా తొంభై మార్కులు వచ్చాయి. అందుకే 1960లో జాకబ్ కోహెన్ అనే శాస్త్రవేత్త, యాదృచ్ఛికంగా వచ్చే ఏకీభావాన్ని తీసివేసి మిగిలినదాన్ని లెక్కించే సూత్రం ఒకటి చెప్పారు. ఆ సూత్రం ప్రకారం మన నిద్రపోయిన పెద్దమనిషికి సున్నా వస్తుంది.

దిద్దేవాళ్ళ మధ్య నిలకడ సరే, రాసేవాళ్ళలో నిలకడ మాటేమిటి? అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఎందుకు చాలు? గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే వేడిలో ఉడికాయి కనుక. మనసు అలా కాదు. ఒక బొమ్మకు రాసిన కథ, ఇంకొక బొమ్మకు రాసిన కథ ఒకే సంగతి చెప్పకపోవచ్చు. 1972లో డోరిస్ ఎంట్విజిల్ అనే పరిశోధకురాలు ఈ కథల పరీక్షలను పరిశీలించి, ఒకే వ్యక్తి రాసిన కథల మార్కుల మధ్య పొందిక చాలా తక్కువని ఎత్తి చూపారు. ఆమె విమర్శ బలమైనది. దీనికి అవతలివైపు వాదన కూడా ఉంది. మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు ‘మొన్నటి కథే రాస్తే బాగుండదు, కొత్తది రాయాలి’ అని మనిషి అనుకుంటాడట. అప్పుడు మారింది ప్రేరణ కాదు, కథ మాత్రమే. ‘పాత కథ రాసినా ఫరవాలేదు’ అని ముందే చెప్పి పరీక్షిస్తే నిలకడ పెరిగిందని 1977లో వింటర్, అబిగైల్ స్టూవర్ట్ చేసిన పరిశోధన తెలిపింది. వాళ్ళు పరిశీలించింది అధికారం మీది కోరికను కొలిచే కథలను, కాని చిక్కు ఒక్కటే. చూశారా! పరీక్షకు ముందు చెప్పే ఒక్క వాక్యం కూడా కొలతను మార్చేస్తుంది.

రెండవ ప్రశ్న: కొలిచింది దానినేనా?

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. హైదరాబాదు శిక్షణలో వ్యాపారులకు ఏం నేర్పారో తెలుసా? మిగతా వాటితోపాటు, ఆ కథలను ఎలా దిద్దుతారో కూడా నేర్పారు. సాధన ప్రేరణ నిండిన కథ ఎలా ఉంటుందో చెప్పి, తమ కథలను తామే దిద్దుకునేటట్టు చేశారు. అలా ఆలోచించడం అలవాటు కావాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఆ తరవాత మళ్ళీ కథలు రాయించి మార్కులు పెరిగాయంటే దానికి అర్థమేమిటి?

మీకు ఇది బాగా తెలిసిన సంగతే. పరీక్ష పేపరు ముందే చూసిన పిల్లవాడికి తొంభై వస్తే, వాడికి లెక్కలు వచ్చినట్టా? పేపరు వచ్చినట్టా? శిక్షణ తరవాత పెరిగిన మార్కు ప్రేరణ పెరిగిందనడానికి రుజువు కాజాలదు. అది దిద్దే పద్ధతి నేర్చుకున్నారనడానికి కూడా రుజువు కావచ్చు. ఎరుపుకు మార్కులు వేస్తారని తెలిస్తే మిర్చికి రంగు పూయవచ్చు. కారం పెరగదు.

మెక్‌క్లెలాండ్, వింటర్ ఈ సంగతిని గుర్తించారు. అందుకే కాగితం మీది కథలతో ఆగకుండా, తిరిగి ఊరికి వెళ్ళాక ఆ వ్యాపారులు నిజంగా ఏం చేశారో చూశారు. శిక్షణకు ముందు కాలాన్ని, తరవాతి కాలాన్ని పోల్చారు. రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారు? కొత్త వ్యాపారం మొదలుపెట్టారా? ఎంత పెట్టుబడి పెట్టారు? ఎంతమందికి పని ఇచ్చారు? వ్యాపారంలో చురుకుదనానికి ఒక చిన్న పట్టిక కూడా వేసుకున్నారు. పరిస్థితి వెనక్కి పోతే −1. మార్పు లేకపోతే 0. మెరుగు కోసం కొంత ప్రయత్నం చేస్తే +1. ఆ ప్రయత్నం ఫలించి నిజంగా మెరుగుదల వస్తే +2.

శిక్షణ పొందిన వాళ్ళలో చురుకుగా మారినవారు, శిక్షణ లేనివాళ్ళలోకంటే ఎక్కువగా ఉన్నారని తేలింది. ఈ వివరాలతో 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అనే పుస్తకం వచ్చింది.

అయితే కథ ఇక్కడితో ముగిసిందనుకోకండి. చురుకుదనం పెరిగింది, ఒప్పుకుందాం. కాని పెరిగింది ప్రేరణ వల్లనేనా? పది రోజులు కలిసి ఉన్నందువల్ల ఒకరికొకరు పరిచయమై సాయం చేసుకున్నారా? ‘మనల్ని పెద్ద సంస్థ పిలిచింది’ అని ధైర్యం వచ్చిందా? పనిని కొలవడం కథను కొలవడంకంటే గట్టిదే. కాని పని వెనక ఉన్న గుణం ఏదో పని ఒక్కటే చెప్పలేదు. అందుకే ఒక గుణాన్ని ఒక్క కొలతతో తేల్చవద్దని, వేరు వేరు పద్ధతులతో కొలిచి అవి ఒకే వైపు చూపుతున్నాయో లేదో చూడాలని 1959లో డొనాల్డ్ క్యాంప్‌బెల్, డొనాల్డ్ ఫిస్క్ అనే ఇద్దరు గట్టిగా చెప్పారు. బావి ఎక్కడ తవ్వాలో నలుగురినీ అడిగినట్టన్నమాట!

భాష మారితే కొలత మారుతుంది

మనకు దగ్గరి కాలపు ఉదాహరణ ఇంకొకటి. 2002 నుంచి ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడువేల మంది పిల్లలను ఎంచుకుని, కొన్నేళ్ళకొకసారి కలుస్తూ వాళ్ళ ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. మన తెలంగాణలో కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు పిల్లలు అందులో ఉన్నారు. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీన్ని నడిపింది.

అందులో పిల్లల పదజ్ఞానాన్ని కొలవడానికి అమెరికాలో తయారైన ఒక బొమ్మల పరీక్షను వాడారు. నాలుగు బొమ్మలు చూపించి ఒక మాట చెబుతారు. ఆ మాటకు తగిన బొమ్మను పిల్లవాడు వేలితో చూపించాలి. ఎంత సులువు! కాని దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. ఇంగ్లీషులో కష్టమైన మాట తెలుగులో అందరికీ తెలిసిన మాట కావచ్చు. అక్కడి పిల్లలు రోజూ చూసే వస్తువు ఇక్కడి పిల్లలు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అందుకే ఆ పరిశోధకులు ఒక్కొక్క ప్రశ్ననూ లెక్కలతో పరీక్షించి, సరిగా పనిచేయనివాటిని తీసివేశారు. ఒక భాష పిల్లల మార్కులను ఇంకొక భాష పిల్లల మార్కులతో నేరుగా పోల్చవద్దని కూడా హెచ్చరించారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లను తెలుగులో పరీక్షించి ‘పదజ్ఞానం తక్కువ’ అని రాస్తే, కొలిచింది ఆమె పదజ్ఞానాన్ని కాదు, ఆమె తెలుగును.

అంకెలన్నీ ఒక్కటి కావు

కాజీపేట స్టేషనుకు వచ్చే రైలుకు ఒక నంబరు ఉంటుంది. పెద్ద నంబరు రైలు పెద్ద రైలు కాదు. అది పేరుకు బదులు వాడే అంకె. పరుగుపందెంలో మొదటి, రెండవ, మూడవ స్థానాలు వరుసను చెబుతాయి. మొదటివాడికీ రెండవవాడికీ తేడా ఎంతో చెప్పవు. మే నెలలో వరంగల్‌లో 40 డిగ్రీల ఎండ కాస్తే, అది 20 డిగ్రీలకు రెండింతల వేడి కాదు. ఎందుకంటే సెల్సియస్ కొలతలో సున్న అంటే ‘వేడి అసలు లేదు’ అని కాదు. బరువులో మాత్రం 40 కిలోలు 20 కిలోలకు సరిగ్గా రెండింతలే. 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త కొలతలను ఇలా నాలుగు మెట్లుగా విడదీశారు.

మనసు కొలతలు ఎక్కువగా మధ్య రెండు మెట్ల దగ్గరే ఉంటాయి. ఆత్మవిశ్వాసపు పరీక్షలో నలభై వచ్చిన పిల్లకు, ఇరవై వచ్చిన పిల్లకంటే రెట్టింపు ఆత్మవిశ్వాసం ఉందనడం తప్పు. ఆ మాటకొస్తే, సైన్సు పేపరులో సున్న వచ్చిన పిల్లవాడికి సైన్సు అసలే రాదనడం కూడా తప్పే.

నేను చేసిన తప్పు

ఇప్పుడు ఆ కుర్రవాడి సంగతి. చాలా ఏళ్ళ కిందట మా బడి నుంచి సైన్సు ప్రదర్శనకు కొందరు పిల్లలను తీసుకువెళ్ళాలి. జిజ్ఞాస ఎక్కువ ఉన్నవాళ్ళను ఎంచుదామనుకున్నాను. పది ప్రశ్నలు రాశాను. ఇంట్లో సైన్సు పుస్తకాలు చదువుతావా? లైబ్రరీకి వెళతావా? టీవీలో సైన్సు కార్యక్రమాలు చూస్తావా? ఇటువంటివే అన్నీ. అవునంటే ఒక మార్కు.

ఒక కుర్రవాడికి పదికి రెండు వచ్చాయి. వాళ్ళ నాన్న మార్కెట్‌లో బస్తాలు మోసేవాడు. ఆ పిల్లవాణ్ణి నేను తీసుకువెళ్ళలేదు. ప్రదర్శన అయిపోయిన తరవాత ఒకరోజు విద్యుత్ నిరోధం పాఠం చెబుతున్నాను. వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది.

“సార్, పత్తిల గుచ్చే మిషన్ నీళ్ళను కొలుస్తదా, కరెంటును కొలుస్తదా? గట్టిగ నొక్కితే అంకె ఎందుకు మారుతది సార్?”

“నువ్వెక్కడ చూశావురా?”

“మా నాయినకు సద్ది తీసుకపోయినప్పుడు రోజు చూస్త సార్. నాలుగు సార్లు లెక్క రాసిన.”

నోట్‌బుక్ చివరి పేజీలో నిజంగానే అంకెలున్నాయి. నొక్కినప్పుడు ఎంత, నొక్కనప్పుడు ఎంత. నేను ఆ తరగతిలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక కొంతసేపు ఊరుకున్నాను. నా పది ప్రశ్నలు జిజ్ఞాసను కొలవలేదు. ఇంట్లో పుస్తకాలు కొనగల స్తోమతను, టీవీని, తీరికను కొలిచాయి. మళ్ళీ ఇచ్చినా అతనికి రెండే వచ్చేవి. నిలకడ గల కొలతే అది, కాని అన్యాయమైనది. మరుసటి ఏడు అతణ్ణి తప్పక తీసుకువెళ్ళాలనుకున్నాను. కాని ఆ ఏడు బడి తెరిచేసరికి వాళ్ళ కుటుంబం పని వెతుక్కుంటూ వేరే ఊరికి వెళ్ళిపోయింది. బి.ఎడ్.లో విశ్వసనీయత, సప్రమాణత అనే మాటలు నేను కంఠస్థం చేసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. వాటి అర్థం మాత్రం ఆ పిల్లవాడి నోట్‌బుక్‌లో తెలిసింది.

మీరే చేసి చూడండి

మీ తరగతిలో ‘జిజ్ఞాస’ను కొలిచే ప్రయత్నం చేయండి. మీ సార్ లేదా టీచర్ అనుమతి తీసుకోండి. ఇష్టం లేనివాళ్ళను బలవంతపెట్టవద్దు. పేర్లకు బదులు నంబర్లు వాడండి.

1. జిజ్ఞాస అంటే మీ దృష్టిలో ఏమిటో ఒక వాక్యంలో రాయండి.

2. మూడు వేరు వేరు కొలతలు పెట్టుకోండి. ఒకటి, మీరు తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక. రెండు, వారం రోజుల్లో ఒక్కొక్కరు పెట్టెలో వేసిన సందేహాల సంఖ్య. మూడు, మూత తీయడానికి వీల్లేని ఒక డబ్బాలో కొన్ని వస్తువులు వేసి ఇవ్వండి. లోపల ఏముందో తెలుసుకోవడానికి ఎన్ని రకాల ప్రయత్నాలు చేశారో లెక్కపెట్టండి.

3. డబ్బా ప్రయత్నాలను ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా లెక్కపెట్టాలి. ఎన్నిసార్లు ఏకీభవించారు?

4. రెండు వారాల తరవాత పట్టికను మళ్ళీ ఇవ్వండి. మార్కులు నిలకడగా ఉన్నాయా?

5. మూడు కొలతల ప్రకారం వరుసలు రాయండి. మూడింటిలోనూ పైన ఉన్నవారు ఒకరేనా? కాకపోతే, ఏ కొలత దేన్ని కొలుస్తోంది?

అయిదవ ప్రశ్న దగ్గర మీలో మీకు వాదన వస్తుంది. రావాలి. ఆ వాదన జరిగితే మీ ప్రయోగం విజయవంతమైనట్టే.

ఒక్క మాట మరిచిపోకండి. పత్తి తేమ తప్పుగా కొలిస్తే రైతు ఆ ఏటి డబ్బు నష్టపోతాడు. పిల్లవాడి మనసును తప్పుగా కొలిచి, ‘మొద్దు’ అనో ‘ఆసక్తి లేదు’ అనో రాసిపెడితే ఆ నష్టం ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పలేం. ఎవరైనా మీకొక అంకె ఇచ్చి ‘నువ్వు ఇంతే’ అన్నప్పుడు, మర్యాదగానే అడగండి: “సార్, ఇది దేన్ని కొలిచింది?” నన్నొక పిల్లవాడు ఆ ప్రశ్నే అడిగాడు. నా పది ప్రశ్నల కాగితాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను. కొత్త పరీక్ష తయారుచేసేటప్పుడల్లా దాన్ని ఒకసారి బయటికి తీసి చూస్తాను.